పాత కారు స్టీరింగ్ ర్యాక్ నిజంగా పోయిందా? మార్చే ముందు తేల్చుకునే పద్ధతి

గతుకుల్లో పడినప్పుడు ముందు చక్రాల దగ్గర కటకటమని చప్పుడు రావడం, స్టీరింగ్‌లో లూజు తోచడం, మలుపు తిరిగిన తరువాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోవడం, వయసు మీరిన కారులో ఈ మూడింటిలో ఏది కనిపించినా షెడ్డులో వినిపించే మొదటి మాట "ర్యాక్ పోయిందండీ, మార్చెయ్యాలి" అన్నదే. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పినదాన్ని ముందు చక్రాలకు అందించే పళ్ల కడ్డీ. ఆ మాట నిజమే కావచ్చు. అయితే ఇవే లక్షణాలను చూపించగల భాగాలు ర్యాక్ చుట్టూ అరడజను ఉన్నాయి, వాటిలో చాలా వరకు ర్యాక్ ఖరీదులో చిన్న వంతుకే దొరుకుతాయి. ర్యాక్ మార్చిన మరుసటి రోజే పాత చప్పుడు మళ్లీ వినిపించిందంటే, తప్పు మొదటి నుంచీ మలుపుల్లో కారు వాలిపోకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌కు చెందిన లింక్ రాడ్డుదో, ముందు షాక్ అబ్జార్బర్ పై చివరను బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్‌దో అయి ఉంటుంది. అందువల్ల చక్రం దగ్గర మొదలుపెట్టి లోపలికి వస్తూ, ఒక్కొక్క భాగాన్నీ చేత్తో పట్టి చూసి, బాగున్నవాటిని పక్కన పెట్టిన తరువాతే ర్యాక్ మీద తీర్పు చెప్పాలి.

మారుతి 800, జెన్, ఆల్టో, శాంట్రో, ఇండికా వంటి కార్లన్నిటికీ ఈ పద్ధతి వర్తిస్తుంది. అంబాసిడర్‌లో కూడా ర్యాకే ఉండేది కనుక దానికీ పనికివస్తుంది. ప్రీమియర్ పద్మినిలో మాత్రం ర్యాక్ ఉండదు. అందులో స్టీరింగ్ బాక్సు, దానికి అనుబంధంగా వేరే లింకుల అమరిక ఉంటాయి కనుక ఆ కారు ఉన్నవారికి ఇక్కడి వివరాలు సగమే ఉపయోగపడతాయి.

ముందుగా అమరిక ఎలా ఉంటుందో మనసులో పెట్టుకోవాలి. స్టీరింగ్ కాలమ్ కింది చివర కోణంలో వంగి కూడా తిరగగల యూనివర్సల్ జాయింట్లు ఒకటి లేదా రెండు ఉన్న చిన్న షాఫ్టు ఉంటుంది. అది పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పినియన్ తిరిగితే, దాని పళ్లతో కలిసి ఉన్న ర్యాక్ అనే పొడవాటి పళ్ల కడ్డీ కుడికీ ఎడమకీ జరుగుతుంది. ర్యాక్ రెండు చివర్లలో ర్యాక్ ఎండ్‌లు, వాటికి బిగించిన టై రాడ్ ఎండ్‌లు ఉండి చక్రాలను తిప్పుతాయి. డ్రైవరు కుడివైపు కూర్చునే మన కార్లలో పినియన్ కుడివైపున ఉంటుంది. ఎడమ చివర ర్యాక్‌ను ఒక బుష్ మాత్రమే మోస్తుంది. పినియన్ ఎదుట, ర్యాక్ వెనుక భాగాన్ని స్ప్రింగుతో పినియన్ వైపు నొక్కి పట్టే దిమ్మె ఒకటి ఉంటుంది, దీన్నే ర్యాక్ గైడ్ అంటారు. దాని మీద బిగింపును సరిచేసే స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూ గురించి తరువాత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత కార్లలో సగం అనర్థాలు దానితోనే మొదలవుతాయి.

విశాఖపట్నంలో తిరిగే కారులో ర్యాక్‌ను అన్నిటికంటే ముందు దెబ్బతీసేది అరుగుదల కాదు, తుప్పు. ర్యాక్ రెండు చివర్లనూ కప్పి ఉంచే మడతల రబ్బరు బూటు హార్మోనియం తిత్తిలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఆ రబ్బరు ఎండి, మడత లోపలి గీత వెంబడి చీలితే, సముద్రపు గాలిలోని ఉప్పు, వాన నీరు, పోర్టు పరిసరాల్లో తిరిగే బళ్లకైతే బొగ్గు ధూళి కూడా నేరుగా గ్రీజులోకి చేరతాయి. నునుపుగా ఉండవలసిన కడ్డీ మీద గుంటలు పడతాయి, ఎడమవైపు బుష్‌ను ఆ గుంటలే ఆకురాయిలా అరగదీస్తాయి. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట నిలిపి ఉంచే కారుకు కిలోమీటర్లు తక్కువే తిరిగినా ర్యాక్ పాడవడానికి కారణం ఇదే. కనుక పరీక్ష బూట్లతో మొదలుపెట్టడం మంచిది. స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పితే ఒక బూటు సాగి మడతలు విచ్చుకుంటాయి. టార్చి వేసి ఆ మడతల లోతుల్లో వేలు పోనిచ్చి, కిందివైపు కూడా తడిమి చూడాలి. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉన్న బూటు అడుగున చీలి ఉండడం మామూలే. రెండో వైపు తిప్పి రెండో బూటును కూడా అలాగే చూడాలి. వేలికి తడిగా, ఇసుక కలిసిన గ్రీజు తగిలితే లోపల ఏం జరుగుతున్నదో సగం తెలిసినట్టే. ఎర్రటి తుప్పు నీరు అంటితే, బూటు మార్చడంతో పని అయిపోతుందని ఆశ పెట్టుకోనక్కరలేదు.

ఆ తరువాత టైర్లలో గాలి చూడాలి. గాలి తక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు టైర్లలో తేడా ఉంటే కారు ఒక పక్కకు లాగుతుంది. ఒక పక్కకు లాగడమనే లక్షణాన్ని చాలామంది ర్యాక్ ఖాతాలో వేస్తారు కానీ, అది దాదాపు ఎప్పుడూ టైరుదో, అలైన్‌మెంట్‌దో, వదలకుండా పట్టుకున్న బ్రేకుదో అవుతుంది. ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి నడిపి చూస్తే, లాగే దిశ కూడా మారితే లోపం టైరులో ఉన్నట్టే. ఋషికొండ నుంచి భీమిలి వెళ్లే దారిలో కారు అటూ ఇటూ ఊగుతున్నదని తోస్తే, పక్క నుంచి వీచే సముద్రపు గాలిని కూడా లెక్కలోకి తీసుకుని, గాలి తగలని మరో రోడ్డు మీద కూడా చూడడం న్యాయం.

ఇప్పుడు లూజును కొలవాలి. చక్రాలు నిటారుగా ఉండగా, కారు నేల మీదే నిలిచి ఉండగా, స్టీరింగ్ అంచును ఒక వేలితో మెల్లగా అటూ ఇటూ కదిలించి, ముందు చక్రం కదలడం మొదలయ్యేలోపు అంచు ఎంత దూరం జరిగిందో స్కేలుతో చూడాలి. చాలా చిన్న కార్ల పుస్తకాల్లో ఇది 30 మిల్లీమీటర్ల లోపు ఉండాలని రాసి ఉంటుంది. మీ కారు పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కారులో ఇంజిన్ నడుస్తుండగానే కొలవాలి. ఇంజిన్ ఆపి కొలిస్తే పినియన్ పైన ఉండే వాల్వులోని టార్షన్ బార్ అనే సన్నని కడ్డీ మెలిక తిరగడం కూడా లూజులా కనిపించి, లేని రోగాన్ని చూపిస్తుంది.

రోడ్డు మీద నడిపి చూసేటప్పుడు ఒక్కొక్క చప్పుడుకూ ఒక్కొక్క సందర్భం ఉంటుంది. గతుకుల్లో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వచ్చే కటకట చప్పుడుతో పాటు అరచేతులకు స్టీరింగ్‌లో సన్నని తాకిడి తెలిస్తే ర్యాక్ మీద, ర్యాక్ ఎండ్‌ల మీద అనుమానం పెంచుకోవచ్చు. చప్పుడు చెవికి వినిపిస్తూ చేతికి ఏమీ తెలియకపోతే, స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్డు, దాని బుష్‌లు ముందు చూడవలసినవి. నా అభిప్రాయంలో ర్యాక్ పేరు మీద ఎక్కువగా నింద మోయించేది ఈ లింక్ రాడ్డే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు టకటకమని లయ తప్పకుండా వచ్చే చప్పుడు ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్టు సీవీ జాయింట్‌ది. నిలబడ్డ చోట స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు నుంచి "టంగ్"మని వచ్చేది స్ట్రట్ పైనున్న మౌంట్ బేరింగ్‌ది. ఇక మధ్యకు తిరిగి రావడాన్ని చూడడానికి సింహాచలం ఘాట్ రోడ్డు కంటే అనువైన చోటు నగరంలో అరుదు. మలుపు దాటాక పట్టు సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను చేతుల్లో జారుతూ వెనక్కు రావాలి. చేత్తో తిప్పి తేవలసి వస్తే ఎక్కడో పట్టేస్తున్నదన్నమాట. ఈ పరీక్ష చేసేటప్పుడు చేతులు స్టీరింగ్ నుంచి పూర్తిగా తీయకూడదు, వెనుక బళ్లు లేని సమయం చూసుకోవాలి.

అసలైన పరీక్షకు తోడుగా మరో మనిషి కావాలి. కారును చదునైన చోట నిలపాలి. ఏటవాలు వీధులున్న మన ఊళ్లో అపార్ట్‌మెంట్ సెల్లార్ లేదా పెట్రోలు బంకు పక్కనున్న ఖాళీ స్థలం వెతుక్కోవలసి రావచ్చు. చక్రాలు నేల మీదే ఉండాలి, ఎందుకంటే కారు బరువు జాయింట్ల మీద ఉన్నప్పుడే వాటి అసలు లూజు బయటపడుతుంది. తోడు వచ్చినవారు లోపల కూర్చుని, గడియారంలో 11కూ 1కీ మధ్య ఉండేంత మేరకే స్టీరింగ్‌ను చకచకా అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజిన్ నడుస్తూ ఉండాలి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు బిగించి ఉండాలి, మీ చేతులు ఫ్యాన్‌కూ బెల్టులకూ దూరంగా ఉండాలి. జాకీ ఎత్తకుండానే చక్రం వెనుక నుంచి చెయ్యి పెట్టి టై రాడ్ ఎండ్‌ను పట్టుకోవాలి. ఎలా పట్టుకోవాలన్నదే ఇక్కడ కీలకం: బొటనవేలు రాడ్డు వైపు భాగం మీద, మిగతా వేళ్లు అది బిగిసి ఉన్న, చక్రాన్ని మోసే నకిల్ అనే భాగం మీద, అంటే రెండు భాగాల మధ్య సందును వేళ్లు దాటి ఉండేలా పట్టుకోవాలి. రెండూ కలిసి కదిలితే జాయింటు బాగుంది. ఒకటి కదిలాక రెండోది ఒక్క క్షణం ఆలస్యంగా కదిలితే ఆ ఆలస్యం వేలికి సన్నని టిక్కులా తెలుస్తుంది. కంటికి కనిపించని లూజు కూడా వేలికి దొరుకుతుంది.

అదే విధంగా లోపలికి రావాలి. రబ్బరు బూటు వెడల్పుగా ఉన్న చోట, లోపల ర్యాక్ ఎండ్ బాల్ ఉంటుంది. బూటును మెల్లగా నొక్కి పట్టుకుంటే ఆ బాల్ ఊగిసలాట తెలుస్తుంది. రబ్బరు గట్టిగా ఉండి తెలియకపోతే బూటు క్లాంపులు వదులు చేసి బూటును పక్కకు జరిపి నేరుగా పట్టుకోవాలి. ఆ తరువాత ర్యాక్ కడ్డీ లోపల జరిగే గొట్టాన్ని బాడీకి పట్టి ఉంచే క్లాంపుల దగ్గర చూడాలి. స్టీరింగ్ ఊపినప్పుడు మొత్తం ర్యాక్ గొట్టమే పక్కకు జరిగి వెనక్కు వస్తున్నదంటే, లోపలి పళ్లు బంగారంలా ఉన్నా సరే, క్లాంపు రబ్బర్లు కరిగిపోయాయని అర్థం. ఆ రబ్బర్ల మీదికి ఏళ్ల తరబడి ఇంజిన్ ఆయిల్ కారిన కార్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. చివరగా డ్రైవరు కాళ్ల దగ్గరున్న షాఫ్టు యూనివర్సల్ జాయింట్‌ను పట్టుకోవాలి. జాయింటుకు పై భాగం తిరిగినంతసేపూ కింది భాగం కూడా తిరగాలి. ఇవన్నీ బాగుండి, పినియన్ షాఫ్టు తిరుగుతున్నా ర్యాక్ ఆలస్యంగా కదులుతున్నదని తేలినప్పుడే ర్యాక్ పళ్లలోనో, గైడ్‌లోనో లోపం ఉందని చెప్పవచ్చు.

ఎడమవైపు బుష్ కోసం వేరే పరీక్ష ఉంది. ఎడమ బూటును వెనక్కు జరిపి, బయటపడిన ర్యాక్ కడ్డీని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ గట్టిగా కదిలించాలి. కడ్డీ గొట్టంలో కొట్టుకుంటే బుష్ అరిగింది. గొట్టం, కడ్డీ పాడవకుండా బుష్ ఒక్కటే అరిగి ఉంటే కొన్ని మోడళ్లకు బుష్ విడిగా దొరుకుతుంది, ర్యాక్ మొత్తం మార్చనక్కరలేదు.

జాకీ మీద ఎత్తి చూడడం దీని తరువాతి పని. వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టి, కారును స్టాండ్ల మీద దింపిన తరువాతే కిందికి చేతులు పోనివ్వాలి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కారు కిందికి దూరకూడదు. లోపలివారు స్టీరింగ్‌ను కదలకుండా పట్టుకోగా, చక్రాన్ని గడియారపు 3, 9 స్థానాల్లో పట్టుకుని కుదిపితే స్టీరింగ్ జాయింట్ల లూజు తెలుస్తుంది. 12, 6 స్థానాల్లో కుదిపితే వీల్ బేరింగ్, కింది బాల్ జాయింట్ బయటపడతాయి. ఆ రెండింటిలో ఏదో తేలాలంటే బ్రేకు తొక్కించి మళ్లీ కుదపాలి: లూజు మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్.

లూజుకు బదులు బరువు, పట్టేయడం ఉన్న కారుకు దారి వేరు. చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా నెమ్మదిగా తిప్పుతూ, ఎక్కడ పట్టేస్తున్నదో గమనించాలి. ఒక్క పూర్తి చుట్టులో రెండు సార్లు బిగుతుగా, రెండు సార్లు తేలికగా అనిపిస్తుంటే అది యూనివర్సల్ జాయింటు తుప్పు పట్టిన గుర్తు. ర్యాక్ ఎప్పుడూ అలా చుట్టు లెక్కన పట్టదు. ఎన్ని చుట్లు తిప్పినా ర్యాక్ నడకలో ఒకే స్థానం దగ్గర పట్టేస్తే అనుమానం ర్యాక్ మీదికి వస్తుంది. మొత్తం నడక అంతా బరువుగా ఉంటే, రెండు టై రాడ్ ఎండ్‌లను నకిళ్ల నుంచి విడదీసి మళ్లీ తిప్పాలి. ఇప్పుడు తేలికైతే లోపం స్ట్రట్ మౌంట్‌లోనో, బాల్ జాయింట్‌లోనో ఉంది, విడిగా ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పితే అదేదో తెలిసిపోతుంది. ఇంకా బరువుగానే ఉంటే ర్యాక్ లేదా కాలమ్. టై రాడ్ ఎండ్ విడదీయడానికి నట్టు వదులవకుండా ఆపే కాటర్ పిన్ తీసి, నట్టు వదులు చేసి పుల్లర్ వాడాలి. పుల్లర్ లేకపోతే నకిల్ చెవి పక్క భాగం మీద సుత్తితో కొట్టాలి కానీ మర ఉన్న బోల్టు తల మీద కొట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో కాలమ్‌ను పినియన్ నుంచి విడదీయవలసి వస్తే స్టీరింగ్‌ను ముందే లాక్ చేయాలి. అది ఊరికే చుట్లు తిరిగితే లోపల ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే, క్లాక్ స్ప్రింగు అనే చుట్టిన తీగ పట్టీ తెగుతుంది.

హైడ్రాలిక్ ర్యాక్‌లో అదనంగా చూడవలసింది ఆయిల్. డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండి, బూటు పిండితే లోపల ఆయిల్ ఉన్నట్టు తెలిస్తే ర్యాక్ చివరి సీలు పోయింది. రెండు బూట్లనూ కలిపే గాలి గొట్టం ఉన్న కార్లలో ఒకవైపు కారిన ఆయిల్ రెండో వైపు చేరుతుంది కనుక ఏ సీలో దీన్నిబట్టి తేల్చలేము. గొట్టం బయట ఆయిల్ కనిపించినంత మాత్రాన ర్యాక్‌ను అనవద్దు. పైనున్న పంపు, హోసులు, ఇంజిన్ సంప్ కూడా అక్కడికే కారతాయి. డీజిల్‌తోనో డీగ్రీజర్‌తోనో శుభ్రంగా కడిగి, రాత్రి కింద అట్టముక్క పరచి, ఉదయం మరక ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూడాలి. ఏ ఆయిల్ పొయ్యాలన్నది డబ్బా మూత మీద ఉంటుంది. స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పి కొన్ని సెకన్లకు మించి అలా పట్టి ఉంచితే పంపు మీద, సీళ్ల మీద పూర్తి ఒత్తిడి పడుతుంది, పరీక్షలో కూడా అలా చేయవద్దు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ ఉండదు. అకస్మాత్తుగా బరువెక్కి డ్యాష్‌బోర్డులో దీపం వెలిగితే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఫ్యూజులు చూడాలి.

ఇక ఆ స్క్రూ సంగతి. లూజు ఉన్న ర్యాక్‌ను గైడ్ స్క్రూ బిగించి "సెట్ చేసి" పంపడం ప్రతి ఊళ్లోనూ ఉన్న అలవాటు. అది ఎందుకు ప్రమాదమో ర్యాక్ అరిగే తీరు చెబుతుంది. కారు ఎక్కువ దూరం నేరుగానే వెళ్తుంది కనుక ర్యాక్ మధ్యనున్న కొద్ది పళ్లే ఎక్కువగా అరుగుతాయి, చివరి పళ్లు కొత్తవాటిలానే ఉంటాయి. మధ్యలో లూజు పోయేదాకా స్క్రూ బిగిస్తే, చక్రాలు బాగా తిప్పినప్పుడు అరగని పళ్ల దగ్గర ర్యాక్ పట్టేస్తుంది. గాజువాకలో యూ టర్న్ తిప్పిన కారు స్టీరింగ్ తిరిగి రాకుండా అక్కడే నిలిచిపోవడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. కంపెనీ పద్ధతి ప్రకారం చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి బిగించి, చెప్పిన కోణం మేరకు వెనక్కు వదిలి, లాక్ నట్టు బిగించాలి. ఆ తరువాత చక్రాలు గాలిలో ఉంచి రెండు చివరల దాకా తిప్పినప్పుడు ఎక్కడా పట్టు తగలకూడదు. అలా చేసిన తరువాత కూడా మధ్యలో లూజు మిగిలితే పళ్లు అరిగాయి, ఆ ర్యాక్‌కు సర్దుబాటు లేదు, మార్చవలసిందే.

మార్చాలని తేలినప్పుడు కొత్తది, రీకండిషన్ చేసినది, పాత కారు నుంచి తీసినది అని మూడు రకాలు మార్కెట్లో ఎదురవుతాయి. ఖరీదు భరించగలిగితే కొత్తదే మేలని నేను అంటాను. పాతది కొనవలసివస్తే కౌంటరు మీదే బూట్లు విప్పించి, కడ్డీని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపించి, దాని మీద గోరు నడిపి చూడాలి. గోరుకు గుంట తగిలితే వదిలేయాలి. ర్యాక్ ఎండ్‌ను పక్కకు వంచి వదిలితే ఆ స్థానంలోనే నిలవాలి. బరువుకు తనంతట తాను వాలిపోతే బాల్ అరిగిపోయింది.

టై రాడ్ ఎండ్ గానీ ర్యాక్ ఎండ్ గానీ ర్యాక్ గానీ, ఏది మార్చినా అలైన్‌మెంట్ చేయించాలి. విప్పేటప్పుడు ఎన్ని మరలు బయట ఉన్నాయో లెక్కపెట్టి రాసుకుంటే, అలైన్‌మెంట్ షాపు దాకా కారు టైర్లు తినకుండా వెళ్తుంది. పరీక్షలో టై రాడ్ ఎండ్ లేదా బాల్ జాయింట్ చేత్తోనే ఊగుతున్నట్టు తేలితే మాత్రం ఆ కారును షాపుకు కూడా నడిపించుకుని వెళ్లకూడదు. మెకానిక్‌ను ఇంటికే పిలవాలి, లేదా టోయింగ్ బండి ఎక్కించాలి. బిగించిన కొన్ని రోజుల తరువాత ఒకసారి బూటు క్లాంపులు, లాక్ నట్లు, కాటర్ పిన్నులు చూసుకోవాలి. సముద్రం పక్కన ఉండేవారు వర్షాకాలం మొదలయ్యే ముందు, మళ్లీ తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలు దాటాక బూట్ల మడతలు విప్పి చూసుకోవడం, చీలిక కనిపిస్తే ఆ వారంలోనే మార్పించుకోవడం అవసరం.